అయిదు లీటర్ల కంప్యూటర్

మా వాగు సమాచార కేంద్రంలో పనిచేసే కంప్యూటర్ ఒక్కటే ఉండేది. అది బీరువా పక్కన, బీరువా అంత ఎత్తున నిలబడి ఉండేది కనుక కొత్తగా వచ్చిన ఉద్యోగులు దాని తాళం ఎక్కడుందని అడిగేవారు. ఎగువన కొండల్లో ఎంత వాన పడిందో ఆ అంకెలు అందులో వేస్తే, దిగువన పాలవాగు లంకల్లోకి నీళ్ళు ఎప్పుడు, ఎంత ఎత్తున వస్తాయో లెక్క కట్టి చెప్పేది. చెప్పడం కచ్చితంగానే చెప్పేది. కాకపోతే ఆ లెక్క పూర్తయ్యేలోగా వాగే స్వయంగా వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్ళిపోయేది. కిందటేడు మేము పంపిన వరద హెచ్చరికను లంకలపాడు పంచాయతీ వారు ఆఫీసు డాబా మీద కూర్చుని అందుకున్నారు.

ఇందులో తప్పు ఎవరిదీ కాదని అప్పట్లో వేసిన కమిటీ తేల్చింది. ఆ కమిటీ మినిట్స్ రాసింది నేనే. నా పేరు అప్పాజీ, కేంద్రంలో సూపరింటెండెంటుని. మా కేంద్రంలో ఏ సమావేశం జరిగినా మినిట్స్ నావే.

ఆ కమిటీ తీర్పుతో తృప్తి పడని మనిషి మా ఆఫీసులో ఒక్కరే ఉండేవారు. అసిస్టెంట్ ఇంజనీరు మేడిశెట్టి వకుళ. ఈ అమ్మాయికి కంప్యూటర్లంటే పిచ్చి. విడిభాగాలు తెప్పించుకుని, బిస్కెట్ల డబ్బా అంత పెట్టెలో వాటిని పొందిగ్గా బిగించి, కంపెనీ చెప్పినదానికన్నా ఎక్కువ వేగంతో వాటిని పరిగెత్తించడం ఆమెకు సరదా. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని ఆమే మాకు చెప్పింది. వరద లెక్క వేగంగా తేలే యంత్రం ఒకటి కావాలని ఆమె అర్జీ పెట్టని నెల లేదు.

అలాంటి సమయంలో రాజధాని నుంచి సర్క్యులర్ వచ్చింది. మా శాఖ కార్యదర్శి గారు ఏదో సదస్సుకు వెళ్ళి, అక్కడ ఒకాయన అరచేతిలో పెట్టి చూపించిన కంప్యూటర్‌ని చూసి ముగ్ధులైపోయారట. తిరిగి రాగానే ‘సూక్ష్మ దేహం, మహా వేగం’ అనే కార్యక్రమం ప్రకటించారు. శాఖలో ఇకమీదట ఏ కంప్యూటర్ పెట్టె అయినా అయిదు లీటర్లకు మించరాదు. అందులోని ప్రాసెసర్‌ను కంపెనీ నిర్ణయించిన వేగం మీద అయిదో వంతు అదనంగా నడపాలి. ‘కంపెనీ వేగముతో సరిపెట్టుకొనుట అలసత్వముగా పరిగణింపబడును’ అని అడుగున నల్లటి అక్షరాల్లో ఉంది.

“కంప్యూటర్‌ని లీటర్లలో కొలవడమేంటమ్మా? అదేమన్నా పాలా?” అన్నారు అకౌంట్స్ ఆఫీసరు ఏకాంబరం గారు.

“పెట్టె ఎంత చోటు ఆక్రమిస్తుందో లీటర్లలోనే చెబుతారండీ. అయిదు లీటర్లంటే మంచినూనె డబ్బా అంత,” అంది వకుళ. ఆమె మొహం వెలిగిపోతోంది. కార్యదర్శి గారికీ తనకూ ఒకే పిచ్చి ఉందని తెలిసి పొంగిపోయింది పాపం.

వెంటనే విడిభాగాల ఎంపిక కమిటీ సమావేశమైంది. అధ్యక్షులు మా జాయింట్ డైరెక్టర్ భుజంగరావు గారు. ఆయన మామూలు సంభాషణ కూడా ఉత్తర్వులాగే మాట్లాడతారు. కాఫీలో చక్కెర తక్కువైతే, “చక్కెర విషయమై పునఃపరిశీలన అవసరం” అంటారు.

“చిన్న పెట్టెలోనూ వేగంగా నడిచే యంత్రం చేయొచ్చు సార్,” అని వకుళ మొదలుపెట్టింది. “కాకపోతే భాగాలు ఎంచుకునే వరస ముఖ్యం. ముందు పెట్టె. తర్వాత ఆ పెట్టెలో పట్టే కూలర్. ఆ కూలర్ ఎంత వేడిని లాగెయ్యగలదో చూసుకుని, అంత వేడి మాత్రమే పుట్టించే ప్రాసెసర్ తీసుకోవాలి. వేగం పెంచినకొద్దీ వేడి పెరుగుతుంది. అందుకని మొదట్లోనే కాస్త నెమ్మదైన ప్రాసెసర్—”

భుజంగరావు గారు చెయ్యెత్తారు. “నెమ్మదైన అనే మాట మినిట్స్‌లోకి రాకూడదు, అప్పాజీ గారూ.”

“రాయలేదండీ,” అన్నాను.

“ఎంపికకు ఒక వరస ఉండాలన్న వకుళ గారి అభిప్రాయంతో నేను ఏకీభవిస్తున్నాను. ఆ వరస సీనియారిటీ. ప్రాసెసర్ కంప్యూటర్‌కు శిరస్సు. ఈ కార్యాలయానికి శిరస్సు స్థానంలో ఉన్నందున దాని ఎంపిక నా బాధ్యత. విద్యుత్తును మంజూరు చేసేది పవర్ సప్లై. మంజూరు వ్యవహారాలన్నీ ఏకాంబరం గారివి. పెట్టె అప్పాజీ గారు చూస్తారు. ఇక మిగిలినది...” అంటూ జాబితా చివరకు వెళ్ళారు. “ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే లేపనం. అది వకుళ గారు ఎంపిక చేస్తారు.”

“కూలర్ ఎవరు చూస్తారు సార్?” అంది వకుళ.

“కూలర్ మన ఆమోదిత కొనుగోలు పట్టికలో ఇప్పటికే ఉంది. కొత్తగా ఎంపిక చేయవలసిన పని లేదు.”

అప్పుడే ఏకాంబరం గారు గొంతు సవరించుకుని, “ప్రాసెసర్ చేత నిర్ణీత పనికన్నా ఎక్కువ పని చేయిస్తున్నాం కదండీ. మరి దాని ఓవర్‌టైమ్ సంగతేంటి?” అన్నారు.

వకుళ నవ్వింది. ఏకాంబరం గారు నవ్వలేదు. ఆమె నవ్వు మధ్యలో ఆపేసింది. చాలా చర్చ జరిగిన మీదట, అదనపు పనికి ప్రతిగా ప్రాసెసర్‌కు రెండో శనివారాలు పరిహార సెలవు ఇవ్వాలని తీర్మానించారు. యంత్రానికి సెలవు మంజూరు చేసిన మొదటి కార్యాలయం బహుశా మాదే అయి ఉంటుంది.

భుజంగరావు గారు ప్రాసెసర్ల పుస్తకం తెప్పించుకుని, పేరు చివర అన్నిటికన్నా పెద్ద అంకె ఉన్నదానిమీద వేలు పెట్టారు.

“సార్, అది మామూలుగా నడిపితేనే ఇస్త్రీ పెట్టెలా కాలుతుంది. చిన్న పెట్టెలో పెట్టి పైగా వేగం పెంచితే నిమిషం నిలవదు,” అని వకుళ బతిమాలింది.

“జాయింట్ డైరెక్టర్ స్థాయి కార్యాలయంలో చిన్న అంకె ప్రాసెసర్ పెడితే రేపు భూగర్భ జలాల శాఖ వారు ఏమనుకుంటారు?”

ఏకాంబరం గారు పొదుపు మనిషి. అంగట్లో అన్నిటికన్నా తక్కువ కరెంటిచ్చే పవర్ సప్లై ఎంచారు. ఆ బొమ్మ చూసి వకుళ కాసేపు నుదురు పట్టుకుంది. తర్వాత ఆయన గదిలోకి వెళ్ళి, “ఏవండీ, ప్రాసెసర్ మీరు మంజూరు చేసినదానికన్నా ఎక్కువ వాడేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా?” అంది అమాయకంగా. ఏకాంబరం గారు తెల్లబోయి, అదే రోజు అంగట్లో అన్నిటికన్నా పెద్దది తెప్పించారు. అది పెట్టెకన్నా పెద్దది. ఆ గెలుపు వకుళకు ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను గాని, ఆ రోజు నుంచి ఆమె మా భాష నేర్చుకోవడం మొదలుపెట్టిందని మాత్రం గమనించాను.

పెట్టె నేను ఎంపిక చేశాను. నీలం రంగు. చూడముచ్చటగా ఉంది.

సర్క్యులర్లో లీటర్లు అని ఉంది కనుక పెట్టెకు తూనికలు కొలతల శాఖ ధ్రువీకరణ కావాలన్నారు. ఇన్‌స్పెక్టరు సన్యాసిరాజు గారు కొలపాత్రల సంచీతో వచ్చారు. వకుళ స్కేలు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి హెచ్చవేసి చూపించింది.

“ఆయ్, అది ఘనపు కొలతండి. నన్ను లీటర్లు కదండీ అడిగారు? లీటరంటే ద్రవం. పోసి చూడందే నేను సంతకం పెట్టలేనండి.”

“ఇందులో నీళ్ళు పోస్తారా? అన్ని వైపులా గాలి కోసం చిల్లులున్నాయండీ!”

“చిల్లులున్న పాత్రని అసలు కొలతకే తీసుకురాకూడదండి. నేరం కూడానండి.”

నీళ్ళు కాదని సన్న బియ్యం పోసి చూశారు. చిల్లుల్లోంచి పోసినవి పోసినట్టే కారిపోయాయి. సన్యాసిరాజు గారు సంచీ మొత్తం పోసి, “ఎంత పోసినా నిండట్లేదండి. దీనికి హద్దే లేదండి,” అన్నారు గంభీరంగా. భుజంగరావు గారి ముఖం పాలిపోయింది. చివరకు వకుళే లోపల పాలిథిన్ సంచీ పరిచి నీళ్ళు పోయించింది. అయిదు లీటర్లు పట్టి, పైన ఒక టీ గ్లాసుడు ఎక్కువ పట్టింది.

ఆ గ్లాసుడు నీళ్ళ మీద మధ్యాహ్నమంతా చర్చ నడిచింది. చివరకు పెట్టెలో గాలి లోపలికి వచ్చే వైపు చెక్కముక్క బిగించి, ఆ మేరకు చోటు తగ్గించారు. సన్యాసిరాజు గారు ముద్ర కొట్టారు. వకుళ ఆ చెక్కముక్కను చూస్తూ నిలబడింది. ఊపిరాడని మనిషిని చూస్తున్నట్టు చూసింది.

భాగాలన్నీ వచ్చాక ఆమె ఎంతో జాగ్రత్తగా బిగించింది. పెద్ద పవర్ సప్లై పెట్టె బయట బల్ల మీద కూర్చుంది. తనకు అప్పగించిన లేపనాన్ని మాత్రం ప్రాసెసర్ మీద నుదుట గంధం రాసినంత శ్రద్ధగా రాసింది. ఆమోదిత పట్టికలోని కూలర్ కోసం ఎదురుచూశాం. లారీలో వచ్చింది. అది ఎండాకాలంలో గదుల్లో పెట్టుకునే, నీళ్ళు పోసే కూలర్. నిలబెడితే భుజంగరావు గారి చెవి దాకా వచ్చింది.

“ఇది కాదు సార్! నేను చెప్పింది అరచేతిలో పట్టేది!” అంది వకుళ.

“కూలర్ అని రాశారు. కూలర్ వచ్చింది,” అన్నారు ఏకాంబరం గారు.

దాన్ని పెట్టె ఎదురుగా నిలబెట్టి, కంప్యూటర్ ఆన్ చేశారు. మేమంతా చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగేలోపలే కంప్యూటర్ ఆగింది. వకుళ పెట్టె మీద చెయ్యి వేసి చటుక్కున వెనక్కి తీసుకుంది.

“వేడికి తట్టుకోలేక తనంతట తను ఆరిపోయింది సార్. ప్రాణం కాపాడుకోవడానికి అవి అలాగే చేస్తాయి. వేగం పెంచడం మానేద్దాం. లేదా పెట్టె మార్చి పది లీటర్లది పెడదాం. ఆ చెక్కముక్క ఒక్కటి తీసేసినా కొంత నయం.”

పది లీటర్లన్న మాట వినగానే ఏకాంబరం గారు కిటికీ తలుపు వేశారు, బయటికి వినపడుతుందేమోనని.

భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. “పెట్టె పెరగకూడదు. వేగం తగ్గకూడదు. పెట్టె వెలుపల పెరిగేవాటి గురించి సర్క్యులర్ మౌనంగా ఉంది. కనుక వెలుపల ఏది ఎంత పెరగాలన్నా పెరగనివ్వండి.”

అలా పెరగడం మొదలైంది. ముందు ఆ గదికి ఏసీ పెట్టించారు. చాల్లేదు. రెండోది పెట్టారు. వాటికి సరిపడా కరెంటు లేక జనరేటరు తెచ్చారు. జనరేటరు వేడి గదిలోకి కొడుతోందని మధ్యలో గోడ కట్టారు. ఆ గోడ టైపు సెక్షన్ మీదుగా వెళ్ళింది కనుక టైపు సెక్షన్ వరండాలోకి మారింది. అప్పటికీ కంప్యూటర్ కాసేపు నడిచి ఆగిపోతుంటే, ఏకాంబరం గారికి చేపల మార్కెట్టు గుర్తొచ్చింది. మర్నాటి నుంచి ఐసు ఫ్యాక్టరీ బండి నేరుగా మా ఆఫీసుకు రావడం మొదలైంది. ఐసు దిమ్మలు పేర్చడానికి రికార్డు రూము ఖాళీ చేశారు. కరిగిన నీళ్ళు పోవడానికి నా సీటు కింద నుంచి కాల్వ తవ్వారు.

“ఐసు పక్కన పెడితే తేమ చేరుతుందండీ, బోర్డు మీద నీళ్ళబొట్లు పడతాయి,” అని వకుళ చెప్పింది. ఏకాంబరం గారు కంప్యూటర్‌కి గొడుగు మంజూరు చేశారు.

చివరకు అకౌంట్స్ వారూ వెళ్ళారు, నేనూ వెళ్ళాను. ఒకనాటి ఉదయం భుజంగరావు గారు కూడా తన కుర్చీ తానే మోసుకుని బయటికి వచ్చారు. ఆవరణలో షామియానా వేసి కార్యాలయమంతా దాని కిందకి చేరాం. లోపల, భవనం మొత్తానికి నట్టనడుమ, నాలుగు వైపులా ఐసు గుట్టల మధ్య, గొడుగు కింద, నీలం రంగు పెట్టె ఒక్కటే ఉంది.

“చూశారా! మన కంప్యూటర్ అయిదు లీటర్లే,” అన్నారు భుజంగరావు గారు, చెమట తుడుచుకుంటూ.

తమాషా ఏమిటంటే, అది పనిచేసింది. వకుళ స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, ఆగస్టు ఉక్కపోతలో లోపలికి వెళ్ళి, వేగాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చింది. ఆగిపోకుండా అయిదో వంతు అదనపు వేగం దాటింది. కిందటేటి వాన అంకెలు అందులో వేస్తే, మేము టీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపు లెక్క తేల్చేసింది. ముక్కు ఎర్రగా, పళ్ళు టకటకలాడుతుండగా వకుళ పరిగెత్తుకుని బయటికి వచ్చింది.

“సార్! తేలింది సార్! అప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడిదాకా సరిగ్గా చెప్పింది!”

షామియానా కింద కేరింతలు లేచాయి. ఏకాంబరం గారు నన్ను కౌగిలించుకున్నారు. ఆయన్ని నేను ఇరవయ్యేళ్ళుగా ఎరుగుదును, అంతకుముందు కరచాలనం కూడా చేసి ఉండలేదు.

కార్యదర్శి గారే స్వయంగా వచ్చి ప్రారంభిస్తామని కబురు పెట్టారు. ముహూర్తం నిర్ణయమైంది. ఆవరణకు తోరణాలు కట్టారు. సరిగ్గా ఆ ముందురోజు పొద్దున కొండల్లో వాన పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఎగువ నుంచి ఫోన్లలో వచ్చిన అంకెలు చూసి వకుళ లోపలికి వెళ్ళింది. ఈసారి బయటికి పరిగెత్తుకు రాలేదు. నెమ్మదిగా వచ్చి, కాగితం భుజంగరావు గారి బల్ల మీద పెట్టింది.

“రేపు పొద్దెక్కేసరికి లంకలపాడు ఇళ్ళ కప్పుల దాకా నీళ్ళు సార్. కిందటేటికన్నా ఎక్కువ. ఇప్పుడే హెచ్చరిక పంపాలి.”

భుజంగరావు గారు కాగితం చూశారు. “ప్రారంభోత్సవం కాని యంత్రం చెప్పిన విషయానికి అధికారిక గుర్తింపు లేదు, వకుళ గారూ. నిబంధనల దృష్టిలో ఇది పుకారు. పుకారును ప్రచారం చేస్తే...”

“పాత కంప్యూటర్ చెప్పిందనండి.”

“పాతది అయిదు లీటర్లు దాటిందని పాత ఇనుము వాళ్ళు తీసుకెళ్ళిపోయారు కదమ్మా,” అన్నాను నేను.

వకుళ రాజధానికి ఫోను చేసింది. కార్యదర్శి గారి పీఏ ఎత్తాడు. ఆమె చెప్పిందంతా విని, “ఈరోజే వరద చెప్పేస్తే రేపు సార్ వచ్చి ఏం ప్రారంభిస్తారండీ?” అన్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

ఆమె ఫోను పెట్టేసి, బండి మీంచి అప్పుడే దించిన ఐసు దిమ్మ మీద కూర్చుండిపోయింది. “రాత్రింబవళ్ళు గడ్డకట్టుకుపోతూ ఎందుకు చేశానండీ ఇది? వాళ్ళు మళ్ళీ డాబాలెక్కడానికా?” అంది నాతో. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా మైకు సెట్టు వాళ్ళు స్తంభాలకు గొట్టాలు బిగిస్తున్నారు. ఆమె వాళ్ళకేసి కాసేపు చూసింది. ఆపైన లేచి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది.

“సార్, రేపటి సభకు జనం ఎంతమంది రావాలన్నారు?”

“వీలైనంత ఎక్కువ. కార్యదర్శి గారికి ఖాళీ కుర్చీలు గిట్టవు.”

“ఆవరణ చాలదేమో. మెరక మీద హైస్కూలు గ్రౌండు అయితే విశాలంగా ఉంటుంది.”

“అవును, కానీ ఇప్పుడు స్థలం మార్చడం...” అని భుజంగరావు గారు ఆగిపోయారు. ఆమె ముఖంలోకి చూశారు. బల్ల మీది కాగితాన్ని చూశారు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మాట్లాడినప్పుడు గొంతు కొత్తగా వినిపించింది.

“ఈ యంత్రం మాట మీద హెచ్చరిక జారీ చేసే అధికారం నాకు లేదు. అయితే జనసమీకరణ విషయంలో నాకు సంపూర్ణ అధికారాలు ఉన్నాయి. అప్పాజీ గారూ, లారీలు ఎన్ని దొరుకుతాయి?”

మా ప్రభుత్వంలో కొన్ని పనులు నత్తనడకన నడిచే మాట నిజమే. సభకు జనాన్ని తోలడం మాత్రం వాటిలోది కాదు. గంట తిరిగేలోగా లారీలు, ట్రాక్టర్లు, పడవలు లంకలవైపు బయల్దేరాయి. మైకు కట్టిన ఆటోలో వకుళే కూర్చుని చాటింది. లంకలపాడు ప్రతి ఇంటి నుంచీ అందరూ సభకు రావాలి. పిల్లలు, ముసలివాళ్ళు కూడా రావాలి. ఈ సాయంత్రమే వచ్చి హైస్కూల్లో విడిది చెయ్యాలి. రాత్రికి పులిహోర, పొద్దున ఉప్మా.

సగం ఊరు తిరిగాక ఆమెకు పశువులు గుర్తొచ్చాయి. కిందటేడు మనుషులు కప్పులెక్కారు, పశువులు ఎక్కలేకపోయాయి. నాకు ఫోను చేసింది. నేను భుజంగరావు గారిని చూశాను. “పశు ప్రదర్శన,” అన్నారాయన క్షణం ఆలోచించకుండా. “కంప్యూటర్ ప్రారంభోత్సవంలో భాగంగా పశు ప్రదర్శన. ఉత్తమ పశువుకు బహుమతి.”

ఊరంతా కదిలింది గాని, ఏటి ఒడ్డున గంటా నూకాలమ్మ అనే ముసలావిడ మాత్రం గేదెను విప్పనంది. నేను లారీతో వెళ్ళేసరికి వకుళ ఆమె ముందు నిలబడి ఉంది.

“చూలు గేదెండి. లారీ ఎక్కిత్తే అదిరిపోద్ది. మీ మీటింగుకి నేనొత్తాలెండి, దీన్నొగ్గెయ్యండి.”

“గేదెను తీసుకురాకపోతే ఎలాగండీ? ఇంత బాగా మేపారు. బహుమతి దీనికే వస్తుంది.”

“నిజంగానా అండి?”

“నిజంగా.”

నూకాలమ్మ గేదెను పైనుంచి కిందికి చూసుకుంది. “లారీ వొద్దండి. నడిపించుకొత్తాను. బహుమతి మాత్రం మర్చిపోకండి మరి.” వానలో, గేదె పలుపు పట్టుకుని, గోనెసంచీ తల మీద వేసుకుని నడిచింది. వకుళ ఆటో వదిలేసి ఆమె పక్కనే నడిచింది. చీకటి పడేసరికి ఇద్దరూ గేదెతో మెరక చేరారు.

పొద్దున పాలవాగు కాగితం మీద చెప్పినట్టే వచ్చింది. దాంతో ఊరి కరెంటు పోయింది. జనరేటరు గదిలోకి వాన నీళ్ళు చేరి అదీ ఆగింది. అప్పుడే కార్యదర్శి గారి కాన్వాయ్ మా ఆఫీసు ముందు ఆగింది. ఆయన రిబ్బను కత్తిరించి, ఐసు గుట్టల మధ్యగా నడిచి, గొడుగు కింద ఉన్న నీలం పెట్టెను చూసి చేతులు జోడించినంత పని చేశారు. చెవి ఆనించి విన్నారు.

“శబ్దమే లేదు!” అన్నారు.

“లేదు సార్,” అన్నారు భుజంగరావు గారు.

కార్యదర్శి గారు దాని మీద చెయ్యి వేశారు. “చల్లగా ఉంది! ఇంత చిన్న పెట్టెలో ఇంత వేగం పెడితే వేడెక్కుతుందని కొందరు నిపుణులు నన్ను భయపెట్టారు. చూడండి, మంచుముక్కలా ఉంది!”

ఆరిపోయి ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. వకుళ నోరు తెరవబోతే నేను దగ్గాను. కార్యదర్శి గారు ఆనందం పట్టలేక, తన కోసం తెచ్చిన శాలువాను భుజంగరావు గారి మీద కప్పారు.

హైస్కూలు గ్రౌండుకు వెళ్ళేసరికి కుర్చీలు, చెట్లు, గోడలు అన్నీ జనంతో నిండి ఉన్నాయి. వెనక పశువుల మందలు. కార్యదర్శి గారు బ్యాటరీ మైకులో సూక్ష్మ దేహం గురించి గంటసేపు మాట్లాడారు. సగంలో ఆయన చెవిలో ఎవరో ఏదో చెప్పారు. ఆయన మైకు మూసి, కంగారుగా భుజంగరావు గారి వైపు వంగారు.

“లంకలు మునిగిపోయాయట! అక్కడి జనం ఏమయ్యారు?”

“అందరూ తమరి ఉపన్యాసం వింటున్నారు సార్.”

కార్యదర్శి గారు జనాన్ని కలయజూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. “వరద వచ్చినా లెక్కచెయ్యకుండా కంప్యూటర్ మీద అభిమానంతో వచ్చారు,” అన్నారు గద్గదంగా. మిగిలిన ఉపన్యాసం ఆయన మరింత ఉత్సాహంగా చేశారు.

ఆయన వెళ్ళిపోయాక వాన తెరిపిచ్చింది. మెరక అంచున నిలబడితే లంకలపాడు కనిపిస్తుంది. అంటే ఊరు కాదు, నీళ్ళు, వాటి మీద అక్కడక్కడా కప్పులు. జనం ఒక్కొక్కరే అంచుకు వచ్చి, చూసి, అక్కడే నిలబడ్డారు. ఎవరి కప్పు ఏదో వెతుక్కుంటున్నారు. పిల్లల్ని దగ్గరికి లాక్కుంటున్నారు.

నూకాలమ్మ గేదెతో సహా మా దగ్గరికి వచ్చింది. వకుళను ఎగాదిగా చూసింది.

“మీకు తెలుసు గదమ్మా?”

వకుళ తలదించుకుంది. “తెలుసండీ.”

“మరి వాగొత్తందని చెప్పొచ్చు గదా? మీటింగనడమెందుకు? వాగొత్తందంటే రామా?”

“చెప్పే అధికారం లేదు మాకు.”

నూకాలమ్మ నీళ్ళకేసి చూసింది, గేదె మెడ నిమిరింది. తర్వాత వకుళను వదిలేసి భుజంగరావు గారి వైపు తిరిగింది.

“మరి గేదెకి బహుమతిచ్చే అధికారమన్నా ఉందాండీ మీకు?”

భుజంగరావు గారు నోరు తెరిచారు. ఏదో ఉత్తర్వు వస్తుందని నేను జేబులో పెన్ను తడుముకున్నాను. ఆయన భుజం మీది శాలువా తీసి, రెండు చేతులా విప్పి, గేదె వీపు మీద కప్పి, జారిపోకుండా సర్దారు. అది చెవులు ఆడించింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు.

వకుళ కూడా కొట్టింది, ముక్కు ఎగబీల్చుకుంటూ.